రెండు కొసలు

మక్తల్ బస్టాండు ఎదురుంగ నా జిరాక్సు దుక్నం.
ఆధార్ కాపీకి రెండు రూపాయలు.
దూరాలడిగితే పైసల్ తీసుకోను.

"శంషాబాద్ నుంచి గువాటి ఎంత దూరం బిడ్డా?
బాటెంబడి కాదు, మీదికెళ్లి."
ఆలకుంట బాలకిష్టమ్మ చూపుడువేలు
నా కప్పు రేకును పొడిచింది.

ఫోన్ల కొట్టిన.
పదిహేడు వందల కిలోమీటర్లు, పైన కొంచెం.
రెండు గంటల నలభై నిమిషాలు.

ఆమె నోరు తెరిచి చూడలె.
తమలపాకు ఈనె గిల్లుకుంట
"తప్పు జెప్తుంది నీ ఫోను" అన్నది.
"మేం పోయినప్పుడు రైల్ల మూడు రాత్రులు.
రెండో రాత్రి, ఏ ఊరో తెల్వదు,
గంపల కోడి గుడ్డు పెట్టింది."

ఆడ విమానం ఉరికే బాటను పొడుగు జేసిండ్రట.
మన్ను మెత్తన. వాన పడితే
పొద్దున పోసింది మాపటికి జారిపోయేదట.
అంతకుముందు శంషాబాద్.
అదంత గుండ్లే.
సమ్మెట వేస్తే నిప్పులు లేచేటియి గని
పగుళ్లు లేవలె నాలుగు దినాలు.

"లేచేకాడ నేనే పోసిన.
దిగేకాడ నేనే పోసిన.
నడుమ ఎవ్వరన్న పోసిండ్రా?"
"లేదు, నడుమంత గాలే" అన్న.
"మరి దానికేం లెక్క?
గాలిని తట్టలకెత్తుతరా?"

నా ఫోను తెర
దానంతలదే ఆరిపోయింది.

మేస్త్రి ఈపారి విమానం టికెట్లు తీసిండు.
వానలు పడకముందే పని ఒడవాలె.
పదకొండు మంది, ఆమె కాక.
"గడ్డపార ఎక్కనిస్తరా?"

చూసిన. చేతుల పట్టుకొని కూసోనియ్యరు,
విమానం కడుపుల వేస్తరు, పదిహేను కిలోలదాకా.
పక్క కిరాణం కాంట మీద పెట్టినం:
గడ్డపార ఆరు, పార రెండు,
సమ్మెట తలకాయ ఐదు.
చీరెలకు, చెంబుకు, చెప్పులకు
రెండు కిలోలు మిగిలింది.
కోడి సంగతి ఆమె అడగలె.
నేనే చూసిన, ఊకెనే.

దేవరకద్ర, పాలమూరు, జడ్చర్ల, షాద్‌నగర్.
బస్సుకే నాలుగు గంటలు పట్టె.
"గంతసేపు ఈడిది ఈడనే పోవుడా" అని
ఒక్కసారి నవ్వింది, పండ్లన్ని ఎర్రగ.

బస్సు ఇంజను మోగింది.
ఒక కాలు మెట్టు మీద పెట్టి
మల్ల దిగొచ్చింది.

"నీ ఫోన్ల అటోళ్లకు మాట పంపొచ్చునా?
దిగే కొసకు, ఎడమ దిక్కు,
ఒక జాగ జర మెత్తగుంటది.
ఆ దినం మొగులు పట్టింది, మేస్త్రి తొందర జేసిండు,
రెండు వరసలు దిమ్మిస కొట్టకుండనే కప్పినం.
పన్నెండేండ్లాయె.
నడిపేటాయనకు
ఎవరన్న జెప్పిండ్రో లేదో."