యాడికి

తాడిపత్రి బస్టాండులో కండక్టరు ఆ పిల్లని
"యాడికమ్మా?" అని అడిగినాడంట.
చేతిలో కాగితం చూసుకుని ఆ పిల్ల
"అవును, యాడికి" అనిందంట.
బస్సంతా నవ్విందంట.
ఆమె నోట పలికిన మొదటి తెలుగు మాట
మా ఊరి పేరు.

పేరు లిగాయ. వాళ్ల భాషలో సంతోషమని అర్థం.
మా అత్త సంతోషమ్మ.
అట్ల మా ఇంట్లో ఇద్దరయినారు,
నవ్వని సంతోషం ఒకటి,
నిద్రపట్టని సంతోషం ఒకటి.

ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు. నలభై దినాల సేవ.
కర్నూలులో ఏఎన్ఎం చదివేటప్పుడు నేర్చిన ఇంగ్లీషుని
ఇరవై ఏండ్ల తర్వాత పెట్టెలోంచి తీసి
ముడతలు దులిపినా.
ఆమె నోరు నేనయినా.

మొదటివారం రాత్రుల్లో ఏడ్చేది.
ఎండకు కాదు, కారానికి కాదు.
మిద్దె మీద పడుకుంటే వాన చప్పుడు లేదంట.
వాళ్ల దీవిలో రేకుల కప్పు
రాత్రంతా మాట్లాడుతూనే ఉంటుందంట.
మా ఆకాశం నోరు మెదపదు.
గోడ మీద బొగ్గుతో దినానికొక గీత గీసుకునేది.
మా అత్త చూసి,
"పాలోనికి బాకీనా?" అనింది.

ఆదివారం సంఘంలో నిలబడి
"ఒక్కొక్క దినమే బతకండి,
రేపటిది దేవునికి వదిలేయండి" అని
నా తట్టు తిరిగింది, చెప్పమని.
నాకు నోరు రాలేదు.
ముందు వరుసలో ఓబులమ్మ, కరుణమ్మ,
నాపబండల పాలిషింగులో ఊపిరి అరగదీసుకున్న ఏసోబు.
కొళాయి ఆరు దినాలకొకసారి వచ్చే ఊర్లో
రేపటిని ఎట్ల వదిలేసేది?
రేపటిని మేము డ్రమ్ముల్లో పోసి మూత పెడతాము.
కడాకి ఇట్ల చెప్పినా:
"ఆరు దినాల నీళ్లు పట్టుకోండి.
ఏడో దినం భయం మాత్రం పట్టుకోవద్దండి."
అందరూ తల ఊపినారు.
తన మాటకే అనుకుని ఆ పిల్ల వెలిగిపోయింది.
పాస్టరు దైవాధీనం మాత్రం
నా తట్టు ఒక చూపు చూసినాడు.

బుధవారం తెల్లారుజామున మూడింటికి కొళాయి దగ్గింది.
బిందెలు, బక్కెట్లు, గంగాళం, పెయింటు డబ్బాలు.
లిగాయ కూడా లేచి మోసింది,
వీపంతా తడుపుకుని.
వరుసలో నిలబడి మన్నా కథ చెప్పింది,
దాచుకున్నది పురుగుపట్టిన సంగతి.
నేను తెలుగు చేసినా.
మా అత్త బిందె దించకుండానే అడిగింది:
"సరేమ్మా, ఆ బండలోంచి నీళ్లు
దినామూ వచ్చినాయా, వారానికొకసారా?"
ఆ పిల్ల ఆలోచించి, తెలీదు అనింది.
"ఎవురికి తెలుస్తాది? రాసినోళ్లు మగోళ్లు,
బిందెల లెక్క వాళ్లకెందుకు?"
ఆ పొద్దు మా అత్త నవ్వడం
పెండ్లయినాక రెండోసారి చూసినా.

తర్వాత రాత్రులు ఆమె ఏసోబు మంచం పక్కనే.
ఆయప్ప లెక్క దినాలు కూడా కాదు.
ఒక ఊపిరి లోపలికి. ఆగి, చూసి, దాన్ని నమ్మి,
ఇంకొకటి.
వెన్నంటి నిమిరే ఆ పిల్లకి తెలుగు రాదు,
దగ్గుకి భాష అక్కర్లేదు.
ఒకనాడు తెల్లారి వచ్చి సంగటి ముద్ద చేత్తో తుంచుకుంటా
"ఈ దినం చాలు" అనింది.
తెలుగులోనే. ఎవరు నేర్పినారో నేను అడగలేదు.

గోడ మీద గీతలు పంతొమ్మిది దగ్గర ఆగిపోయినాయి.
ఇరవయ్యోది ఎందుకు గీయలేదో తనకే గుర్తులేదంట.

నేను చెప్పిన దొంగ తెలుగుని
ముప్పైఎనిమిదో దినం ఒప్పుకున్నా.
మళ్లీ చెప్పించుకుని, చిన్న పుస్తకంలో రాసుకుంది,
నా పేరు కింద.

పోయే దినం బుధవారమైంది.
ఎవరమూ బస్టాండుకి పోలేకపోయినాము.
మా వీధి మలుపులో బస్సు నిదానించినప్పుడు
కిటికీలోంచి చేయి ఊపింది.
కండక్టరు ఏమడిగినాడో, ఏం చెప్పిందో.
మా రెండు చేతుల్లోనూ బిందెలు.
గడ్డం ఎత్తినాము, అంతే.

ఏసోబు ఉగాది దాటలేదు.
సున్నం కొట్టేటప్పుడు మా అత్త
ఆ పంతొమ్మిది గీతల చోటు వదిలేసింది.
ఎందుకని అడిగితే, చేయి అందలేదు అంటుంది.
ఆ చోటు ఆమె నడుమెత్తుకే.