ఖాళీ శుక్రవారం

బ్ర్నోలో, ప్రసూతి ఆసుపత్రి కింద
బాయిలర్ గదిలో
ఆచార్య ఒటాకర్ హలూజా బొగ్గు ఎత్తేవాడు.
విశ్వవిద్యాలయం గెంటేశాక అది ఆరో శీతాకాలం.

గురువారం రాత్రుళ్ళు ఐదుగురం వెళ్ళేవాళ్ళం,
బోర్లించిన బకెట్ల మీద కూర్చునేవాళ్ళం.
చరిత్రకు గమ్యం ఉందా అని ఎవరైనా అడిగితే
ఆయన ముందు ఆవిరి మీటరు చూసేవాడు.
"ఒక్క నిమిషం. పైన పసిపిల్లలున్నారు."
రెండు పారల బొగ్గు వేసి,
మోచేత్తో మొహం తుడుచుకుని,
మసి ఇంకాస్త పులుముకుని
అప్పుడు జవాబు.

"చరిత్ర రైలు అని మాకు చెప్పారు.
నేనూ మీ అన్నలకి అదే చెప్పాను.
యాభై రెండులో ఒక స్నేహితుణ్ణి దించెయ్యడానికి
చెయ్యెత్తాను కూడా. ఈ చెయ్యే.
లోపల కూర్చున్నవాడికి
పట్టాల మీద పడ్డవాడు కనిపించడు నాయనా,
చిన్న కుదుపు తెలుస్తుంది, అంతే."

మరి చదువుకున్నవాళ్ళ పనేమిటని యార్మిలా అడిగింది.
ఆయన పార ఎత్తి చూపించలేదు,
అలాంటి నాటకాలు గిట్టవు.
"తెలీదు" అన్నాడు.
"తెలిసినట్టు నటించకపోవడం
ఈమధ్యే కొంచెం చేతనవుతోంది."
టీ పోశాడు. నా కప్పులో రెండు చెంచాల చక్కెర,
అడక్కుండానే.

ఐదోవాణ్ణి నేను.
శుక్రవారం పొద్దున్నే
పోస్టాఫీసు వెనక గదిలో
అంతా పూసగుచ్చినట్టు రాసిచ్చేవాణ్ణి.
చెల్లెలికి కాలేజీ సీటు కావాలి, అదొకటి.
భయం ఇంకొకటి.
మూడో కారణం ఎవరికీ చెప్పలేదు:
ఆయన మాటలు రాస్తుంటే బాగుండేది.

ఆయన పుస్తకం వెయ్యలేదు.
ఉన్న కాగితాలు సోదాల్లో పోయాయి.
ముప్పై ఏళ్ళకి, దస్తావేజుల భవనంలో
ఆయన కూతురు మిలాడా నా ఎదురుగా కూర్చుని
నా నివేదికలన్నీ వరసగా పేర్చింది.
తిట్టలేదు.
"నాన్న గొంతు ఇక మిగిలింది వీటిలోనే.
రాత అర్థంకాని చోట చదివి పెట్టండి, చాలు."

మధ్యలో ఒక కాగితం, మార్చి పన్నెండు.
'చెప్పుకోదగ్గ చర్చ జరగలేదు.'
ఒకటే వాక్యం.

ఆ రాత్రి ఆయన తెల్లారేదాకా మాట్లాడాడు.
యార్మిలా ఏడ్చింది.
మేం లేచి ఇళ్ళకు పోలేకపోయాం.
ఆ ఒక్క శుక్రవారం నాకు చేతులు రాలేదు.
ఆయన్ని కాపాడాననుకున్నాను.

"ఏం చెప్పాడు ఆ రోజు?"
మిలాడా కలం మూత తీసి పట్టుకుంది.

పార చప్పుడు గుర్తుంది.
టీలో తీపి గుర్తుంది.