పడటానికి ఒక చోటు

మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనక
పదమూడు సెంట్ల బంజరు.
ముళ్ళతుమ్మ, పగిలిన సీసాలు,
ఎవరిదో బోర్లాపడ్డ నావ.
అక్కడ గెంతుతామంటారు పిల్లలు.
దానికో పేరుందట, పార్కూర్.
నా నోట అది పారుకూర అయింది,
పాలకూరకి తమ్ముడిలా.
వాళ్ళు నవ్వి నవ్వి కాలవగట్టు మీద కూలబడ్డారు.

ఇరవై ఆరేళ్ళు కొబ్బరి దింపు తీశాను.
ఒక ఆషాఢం పూట, మొవ్వు దగ్గర మట్ట జారింది.
ఇప్పుడు వానొచ్చే సంగతి
నా కన్నా ముందు నా మోకాలికి తెలుస్తుంది.
గెంతడం గురించి నన్నడక్కండర్రా అన్నాను.
"గెంతడం మేం చూసుకుంటాం బాబాయ్,
పట్టు చెప్పు" అంది కెజియా.
చెప్పాను:
పట్టు చిటికెనవేలి దగ్గర మొదలవుతుంది,
బొటనవేలు ఊరికే సాక్షి.

లోవరాజు కత్తి తెచ్చాడు.
తుమ్మ కొట్టిన రెండ్రోజులూ
అందరి అరచేతుల్లో ముళ్ళే, తీయడానికి పిన్నీసు ఒక్కటే.
రొయ్యల చెరువుల పాత ఏరేటర్ల చట్రాలు కోసి
గౌస్ కడ్డీలు అతికాడు.
కూలి వద్దన్నాడు, కరెంటు మాత్రం తనది కాదన్నాడు.
అది ఏ స్తంభం నుంచి వచ్చిందో నేను చెప్పను.
ఇటుకలు ఇంటికి ఏడు.
ఒకదాని మీద ఎవరో బొగ్గుతో
"మా పొయ్యిది, జాగ్రత్త" అని రాశారు.

గోడ ఎత్తు దగ్గర గొడవ.
తొమ్మిదడుగులు ఉండాలని మగపిల్లలు,
ఆరు ఎక్కువని తల్లులు.
కెజియా చెప్పులు విడిచి, గోడ లేని చోట నిలబడి
చెయ్యి పైకి చాచింది.
ఇంత. దీని మీద ఇంకో జానెడు.
మేస్త్రి ఏమీ అనకుండా దారం కట్టాడు.

కిందపడితే?
అడిగింది పల్లాలమ్మ, పీచు మిల్లులో చేస్తుంది.
జవాబు లేదు. అందరూ నా మోకాలివైపు చూశారు.
మర్నాడు తోపుడుబండి మీద కొబ్బరి పొట్టు వచ్చింది,
మిల్లు వెనక గుట్టపోసి తగలబెట్టే పొట్టు.
ఆరు బళ్ళు. పదకొండు బళ్ళు.
గొయ్యి నిండేసరికి
ఎర్రగా, తడితడిగా,
కుక్కపిల్ల పొట్టలా ఉంది.

బతుకంతా ఆ చెట్లే ఎక్కాను.
కింద ఇంత మెత్తన ఎవరూ పరవలేదు,
నాకూ తోచలేదు.
కోపం వచ్చింది, ఎవరి మీదో తేలలేదు.
గొయ్యి ఒడ్డున కూర్చుని చుట్ట మొత్తం కాల్చాను.

శ్రావణంలో గోదారి వచ్చింది.
ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక అన్న రాత్రి
పొట్టంతా తేలి, ఎర్రటి తెట్టు కట్టి
గుమ్మాల ముందు నుంచి
లంకలవైపు వెళ్ళిపోయింది.
పోతూ పోతూ
ఎవరి అరుగు మీదో కాస్త ఆగిందట.
గోడ ఉంది.
దాని మీద మూడ్రోజులు లోవరాజు వాళ్ళ మేక
కడ్డీకి కట్టేసి, అరుస్తూ.

నీళ్ళు తీశాక మోకాలి లోతు ఒండ్రు.
పల్లాలమ్మ ఎవర్నీ పిలవలేదు,
బండి తోసుకుంటూ వచ్చేసింది.
ఈసారి గొయ్యి మీద కప్పడానికి
పాత చేపల వల సిద్ధంగా పెట్టుకున్నాం.
ఆగుతుందో లేదో వచ్చే ఏడు చూడాలి.

ఆ సాయంత్రం, అందరూ వెళ్ళాక
కడ్డీ పట్టుకున్నాను.
చిటికెనవేలు, తర్వాత దాని పక్కది.
వేలాడాను.
పాదాలకీ పొట్టుకీ మధ్య మూడడుగులు,
ఎనభై అడుగులప్పుడున్నంత భయం.
"వదిలెయ్ బాబాయ్."
గోడ అవతల కెజియా, వెళ్ళలేదన్నమాట.
"ఆయ్" అన్నాను.
కాసేపు ఊగాను ఇంకా.

లుంగీ నిండా పొట్టు.
ఇల్లు చేరేదాకా దులపలేదు.