పదకొండణాలు

పెరంబూరులో హోమియో మందులషాపు పైన
ప్రతి రెండో శనివారం పూర్వీకుల్ని వెతుకుతాం.
తొమ్మిదిమందిమి, ఒక ఫ్యాను, ఒక భూతద్దం.
భూతద్దం జ్ఞానప్రకాశంగారిది.
రైల్వేలో ముప్పయ్యేళ్ళు గుమాస్తాగిరీ చేసినాయన
గోడకి ఒకే ఒక్క నియమం అంటించారు తమిళంలో:
చచ్చినవాళ్ళని పెన్సిల్‌తోనే రాయాలి.

నా దగ్గరున్నది ఒక్క ఇంటిపేరు.
ఈ ఊళ్ళో ఇంటిపేరు చెబితే
డోర్ నంబరు కూడా చెప్పమంటారు.
బళ్ళో నాన్న పేరులో మొదటి అక్షరం చాలంది టీచరు.
పెళ్ళిపత్రికల్లో తప్ప బయటికి తీయని పేరు,
అటకమీది ఇత్తడి బిందెలాగ: తూపిలి.

మొదటిరోజే వెనక కుర్చీలోంచి ఒకాయన లేచి
"తూపిలివాళ్ళా? మేమూ తూపిలే!" అన్నాడు.
శేషాచలంగారు. డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాలికి పట్టీ.
ఆ నిమిషం నుంచి నాకు పెదనాన్న.
నాలుగు నెలలు ఆయన తెచ్చిన మురుకులు తిన్నాను.
నా చెవులు అచ్చం వాళ్ళ మేనత్తవేనన్నాడు.
ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని ఒప్పుకున్నాను.

ఎగ్మూరు రికార్డాఫీసులో తుమ్ముతూ తుమ్ముతూ
మిల్లు జీతాల పుస్తకంలో పట్టుకున్నాను మా ముత్తాతని:
తూపిలి అంకయ్య, నూలు చుట్టే పని,
ఎడమచేతి బొటనవేలు.
ఆ ముద్ర మీద నా వేలు పెట్టబోయి
గుమాస్తా దగ్గితే తీసేశాను.
భార్య పేరుకి గడే లేదు.
ఆమె గురించి మా ఇంట్లో మిగిలింది ఒక్క మాట:
చేపల పులుసులో మామిడికాయ ఎక్కువ వేసేదట.

కార్తీకం వానల్లో పెదనాన్న ఆలస్యంగా వచ్చాడు.
నా పక్కన కూర్చోలేదు. మురుకులు లేవు.
జవుళికొట్టు సంచిలోంచి ఎర్రగుడ్డ మూట తీసి
"మా తాత పడవల లెక్కలు," అన్నాడు.

రౌద్రి సంవత్సరం, కార్తీక బహుళ తదియ.
ఏడో పడవ. సరుగుడు కట్టెలు అరవై బారువలు.
బేసిన్ బ్రిడ్జి దగ్గర దించడమైనది.
కింద అదే చేతిరాతలో:
గెడవేసే అంకయ్య దిగి మళ్ళీ ఎక్కలేదు.
బాకీ పదకొండణాలు.

చాలాసేపు ఫ్యానొక్కటే మాట్లాడింది.

మనవాళ్ళు ఇంటిపేరు అడిగేది ఇలాగే కదా:
ఎవరివాళ్ళు మీరు?
మిల్లు గేటు దగ్గర ఏ తెలుగు మేస్త్రీయో అడిగుంటాడు.
లాకుల దగ్గర, ఉప్పు కొఠారు దగ్గర, ప్రతి రేవులోనూ
నోటికి అలవాటైన జవాబే వచ్చుంటుంది:
తూపిలివాళ్ళం.
పడవకి చెప్పే జవాబు మనిషికి అతుక్కుంది.

లేదా తెలిసే చెప్పాడేమో.
ఆ పుస్తకంలో లెక్కకెక్కని సరుకు అదొక్కటే గనక
చంకన పెట్టుకుని నడిచాడేమో.
నాకీ రెండో అంకయ్యే ఇష్టం. రుజువు లేదు.
పడవకి ముందు ఆయన ఎవరివాడో
ఎవరూ రాసుకోలేదు.

ఆ పేజీ చించేసినా పెదనాన్నని అడిగేవాళ్ళు లేరు.
రాయపురం నుంచి వానలో రెండు బస్సులు మారి తెచ్చాడు.
నేనెందుకో పర్సులో చిల్లర వెతుక్కుంటున్నాను.
అణాకి ఎన్ని పైసలో జ్ఞానప్రకాశంగారు పైకి లెక్కేస్తుంటే
ముందు ఎవరూ నవ్వలేదు, తర్వాత అందరూ నవ్వారు,
ఆయన తప్ప.
"మా తాత కొట్టేవాడు," అన్నాడు కిటికీలోకి చూస్తూ.
"గెడతోనే. అది పుస్తకంలో ఉండదు."

పటంలో మా రెండిళ్ళని కలిపిన గీతని
జ్ఞానప్రకాశంగారు రబ్బరుతో చెరిపారు.
గీత పోయింది, గాడి వేలికి తగులుతూనే ఉంది.
చిన్నప్పట్నుంచీ నేను నొక్కి రాస్తాను.

దిగేటప్పుడు మెట్లు తడిగా ఉన్నాయి.
అలవాటుగా నా భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసి,
మళ్ళీ వేశాడు, మోకాలు మాట వినక.
ఏమని పిలవాలో తెలియక మెట్లు లెక్కపెట్టాను.
పదమూడో మెట్టు మీద ఆగి
"ఇంతకీ ఎవరివాళ్ళమ్మా మీరు?" అన్నాడు,
ఈసారి జవాబు తెలియని మనిషి అడిగినట్టు.

"వెతుకుతున్నాం కదా, పెదనాన్నా."