బరువెక్కడ దింపాలి

ద్వారకానగర్లో జిరాక్స్ షాపు మీద మేడ.
రాత్రి ఏడు. పదకొండు కుర్చీలు, ఒక్క ఫ్యాను.
నా చొక్కాకి ఇంకా డీజిలు వాసన.
హెప్సిబా టీచరు బల్ల మీద వేలితో కొడతారు,
ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా.
"హార్బర్. ముందు బరువు.
హోటల్. వెనక బరువు.
దానయ్యా, నువ్వు రెండు చోట్లా దింపేస్తున్నావు."

దింపక ఏం చేస్తాను మేడమ్?
ఇరవై రెండేళ్ళు ఓడరేవులో మూటలు లెక్కపెట్టినవాణ్ణి.
మా భాషలో అక్షరం అక్షరానికీ సమానం కూలి.
చివర ఒక ఉకారం కూడా వేస్తాం,
బస్సు, షిప్పు, టగ్గు,
మాట నిలబడి నిలబడి అలిసిపోకుండా
కూర్చోడానికి చిన్న పీట.

ఆవిడ పీట లాగేశారు.

బనానా అన్నప్పుడు నడిమి "నా" ఒక్కటే మొయ్యాలట.
అటూ ఇటూ ఉన్నవి చేతులూపుకుంటూ నడుస్తాయట.
జెట్టీ మీద మాకూ ఉన్నారు అలాంటివాళ్ళు,
మేస్త్రీకి బావమరుదులు.

చిన్నప్పుడు మంగమారిపేట బళ్ళో
తెలుగు మాస్టారు గురులఘువులు పెట్టించేవారు.
గిన్నెలాంటిది గురువు, పుల్లలాంటిది లఘువు.
దీర్ఘముంటే గిన్నె, ఒత్తుకి ముందున్నా గిన్నె.
కన్నుంటే చాలు, లెక్క తేలిపోయేది.
మన ఒత్తు అక్షరం కిందే వేలాడుతుంది,
పడవ కింద లంగరులాగ.
ఈ ఇంగ్లీషు ఒత్తు కాగితం మీద ఎక్కడా లేదు.
నీళ్ళ కింద రాయి.
తగిలాకే తెలుస్తుంది.

తగిలింది.
టగ్గులో రేడియో దగ్గర నా మొదటి వారం,
థర్టీన్ నిమిషాల్లో వస్తున్నాం అన్నాను.
బరువు "థర్" మీద పడిపోయింది.
అవతల ముప్ఫై అని విన్నారు.
అంత పెద్ద ఓడ
నా నాలిక జారినందుకు
ఇంజను ఆపుకుని, ఎండలో, ఊరికే తేలుతూ నిలబడింది.
ఆఫీసరుగారు తిట్టలేదు. తిట్టినా బాగుండును.
"నేర్చుకో, లేదంటే మళ్ళీ మూటల దగ్గరికి" అన్నారు, టీ తాగుతూ.

ఇప్పుడు గేటు దగ్గర పర్మిట్ చూపించినా
లోపల ఎవరో బల్ల మీద కొడతారు.
చేతిలో కాగితమైతే ముందు నొక్కు.
లోపలికి రానివ్వడమైతే వెనక నొక్కు.
ఇంపోర్టూ అంతే, రికార్డూ అంతే.
వస్తువు ముందు మోస్తుంది, పని వెనక మోస్తుంది.
ఇది మటుకు నాకు వెంటనే ఎక్కింది.
కావిడి పట్టినవాడికి వేరే చెప్పాలా?

ఇంట్లో సాధన.
నూకతల్లి చేప పొలుసు తీస్తూ తలెత్తింది.
"ఏటి మావా, ఆ మాటకి పచ్చవాతమొచ్చిందేటి?
ఒక పక్కే లెగుస్తంది!"

తెల్లారి చేపలరేవులో అదే మనిషి.
"చందువా! చందువా!"
"చం" వలలా విసురుతుంది,
"దువా" గాలికొదిలేస్తుంది.
నాలుగు పడవల అవతలివాడు కూడా వెనక్కి తిరుగుతాడు.
ఎవరు నేర్పినారే నీకు? అన్నాను.
"అమ్ముడవ్వాల కదా" అంది.
ఆ ముక్క హెప్సిబా టీచరుకి చెప్తే
నోట్సులో రాసుకున్నారు. ఫీజు మాత్రం తగ్గించలేదు.

రాత్రి డ్యూటీ.
యారాడ కొండ మీద దీపం తిరుగుతోంది,
ఒక మెరుపు, వెనకాలే బోలెడు చీకటి.
బటన్ నొక్కాను.
థర్టీన్.
"టీన్" దగ్గర తాడు బిగించి, "థర్" దగ్గర వదులు చేసి.
అవతల ఏ దేశం గొంతో
థర్టీన్ అంది, ఉన్నదున్నట్టు.
ఎవరు మాట్లాడేది అని అడిగింది.
చెప్పాను.

"డనాఆయా, థాంక్యూ."

నా పేరు నడిమికి విరిగి ఒక పక్కకి ఒరిగిపోయింది,
సరుకు సర్దడం రానివాళ్ళు ఎక్కించిన నావలాగ.
నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
మళ్ళీ బటన్ నొక్కి
"దా. న. య్య." అన్నాను,
అక్షరం అక్షరానికీ సమానం కూలి.
అవతల గరగర.
"దా..." అంది ఆ గొంతు. ఆగింది.

ఫర్వాలేదు, అనండి.
ఇంకా పదమూడు నిమిషాలుంది.