ఖాళీ లారీ బరువు

సీ లేక్ ఊరు దాటాక, టైరెల్ ఉప్పుమడుగులో
ట్రైపాడ్ కాళ్ళు అప్పడం విరిగినట్టు చప్పుడు చేసి దిగబడ్డాయి.
జూన్ రాత్రి. రెండు డిగ్రీలు.
"చలి మంచిదేలే, కెమెరా తక్కువ వాగుతుంది" అన్నాను.
"నేనైతే ఎక్కువ వాగుతాను" అంది మెర్ల్,
ఫ్లాస్కు మూత పళ్ళతో తిప్పుతూ.

నాలుగు నిమిషాలు షటర్ తెరిచి ఉంచాను.
క్లిక్‌మని మూసుకుంది.
అయినా ఎర్రదీపం ఆరలేదు.
ఇంకో నాలుగు నిమిషాలు కెమెరా
నన్ను ముట్టుకోనివ్వలేదు.

"ఇప్పుడేం చేస్తోంది?"
"చీకటిని ఫొటో తీస్తోంది."
"మరి ఇందాక తీసిందేమిటి?"
నిజమే. మళ్ళీ మొదటినుంచి చెప్పాను:
ఎక్కువసేపు చూస్తే సెన్సర్ వేడెక్కుతుంది,
జ్వరమొచ్చిన పిల్లకి గోడమీద చీమలు పాకినట్టు
దానికి లేని చుక్కలు కనిపిస్తాయి,
ఎర్రవీ నీలివీ, చల్లిన గసగసాల్లా.
అందుకని కళ్ళు మూయించి, అంతే చలిలో, అంతే సేపు
దాని కలవరింత దానిచేతే రాయించి
మొదటి ఫొటోలోంచి తీసేయిస్తాం.

మెర్ల్ టీ ఊదుకుంది.
"ముప్పై ఒక్కేళ్ళు సైలో దగ్గర నేను చేసిందదే.
గోధుమల లారీని తూచడం,
దింపాక ఖాళీ లారీని మళ్ళీ తూచడం.
కానీ ఖాళీ లారీ
రెండుసార్లు ఒకే బరువు తూగదు, తెలుసా?
డ్రైవరు మధ్యలో భోంచేస్తాడు.
టైర్లకి బురద అంటుకుంటుంది."

నాకు తెలుసు. ఆ బురదకే రెండో మందుంది.
ఇరవై సెకన్లవి పదహారు తీసి
ఒకదానిమీద ఒకటి పేర్చడం.
తీశాను. బ్యాటరీ కోసం మూత ఫొటోలు మానేశాను,
రెండో బ్యాటరీని చంకలో పెట్టుకుని వెచ్చబెడుతూ.
మెర్ల్ ఎటో నడిచింది, వచ్చింది.
ధాన్యం ఎగదోసే మర చెవిలో ఇంకా తిరుగుతోందట,
నిశ్శబ్దంగా ఉన్నచోటే మరీ ఎక్కువట.
"దీనికి మూత ఉందా నీ దగ్గర?"
లేదన్నాను.

మెల్‌బోర్న్ వచ్చి, వంటగదిలో లాప్‌టాప్ ముందు
పదహారింటినీ పేర్చాను.
పెద్దమనుషుల తీర్పులాంటిది ఆ లెక్క.
ఎక్కువమంది చూశామన్నదే నిజం,
ఒక్కరే చూసింది అబద్ధం.
రొద మొత్తం దిగిపోయింది.
పాలపుంత కడిగిన బియ్యంలా,
కింద నీళ్ళలో ఇంకో దోసెడు.
ఇంత శుభ్రమైన ఆకాశాన్ని నేనెప్పుడూ తీయలేదు.

టీ పెట్టుకుని వచ్చి చూస్తే ఏదో తక్కువైంది.

ఒక్కొక్కటీ తెరుచుకుంటూ వెళ్ళాను.
పదకొండోది.
మడుగు అంచున, కప్పు నోటికి ఆనించి
ఇరవై సెకన్లు కదలకుండా మెర్ల్.
తక్కిన పదిహేనూ ఆమెను చూడలేదు,
అందుకని ఆమెనూ రొదలో కలిపి ఊడ్చేశారు.

ఆ పదకొండోదే అచ్చు వేయించాను.
ఇసకలా గరగరలాడుతోంది ఆకాశం.
దాన్నలాగే పోస్టులో పంపాను.

నిన్న ఫోను చేసింది. ఫ్రిజ్ తలుపుకి అంటించిందట.
"బాగుంది గానీ, నా తలకి కుడిపక్క
ఎర్రగా ఒకటుందే, అదే నక్షత్రం?"

వెతికి చెప్తానన్నాను.