ఉప్పుకి ముందు

దీనికున్నది తొక్క కాదు, తోలు.
కత్తి దిగదు. దిగిందా, ఇక రాదు.
పీల్ రేవు పొగగదిలో పన్నెండేళ్ళుగా
హెర్రింగ్ చేపల్ని నిలువునా చీల్చే చేతులివి,
ఒక్క పసుపు టర్నిప్ ముందు
చెమటలు కక్కుతున్నాయి.

ఆలిష్ స్టూలెక్కి నిలబడింది.
"మొహం నేను చెక్కుతా, లోపలిది నువ్వు తోడు."
పని పంపకంలో అచ్చం తల్లే.

చెంచా వంగింది.
రెండో చెంచా కూడా వంగింది.
ఐస్‌క్రీం గరిటె ఒక్కటే పరువు నిలబెట్టింది.
తోడిన కొద్దీ పచ్చి ఆవఘాటు,
వాన తడిసిన చేను వాసన.
అక్టోబరు ఆఖరి రాత్రి, హాప్-టు-నా రాత్రి,
దీపం చెక్కినవాడు దాని పేగులు వండుకు తినాలి.
ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు,
మా బ్రీషీ అత్త నోట్లో ఉండేది.

అడుగున బంగాళాదుంపలు, మీద పార్స్‌నిప్పులు,
ఆ పైన ఈ తోడిన తునకలు.
నీళ్ళు మునిగీ మునగనట్టు.
ఎంతసేపు ఉడకాలంటే,
కత్తి గుచ్చితే ఎదురు చెప్పనంతసేపు.
పక్క గిన్నెలో పాలల్లో కాడ్ ముక్క,
నిన్న పక్కింటి ఇలియం గుమ్మానికి తగిలించి పోయింది.

అప్పుడు పోయింది కరెంటు.
పొద్దుట్నుంచీ పడమటి గాలి
తలుపుల్ని తడుతున్నదల్లా తన్నడం మొదలెట్టింది.
వీధి దీపాలు, రేవు దీపాలు, ఫ్రిజ్ గురక
అన్నీ ఒక్కపెట్టున.
మిగిలింది నీలంగా గ్యాసు మంట.

ఆలిష్ అరవలేదు. అగ్గిపుల్ల గీసింది.
టర్నిప్ నవ్వింది,
ఉండాల్సినదానికంటే రెండు పళ్ళు ఎక్కువతో.
తన ఇల్లు దోచేవాళ్ళకి
తానే దివిటీ పట్టినట్టు
తన కడుపులోది ఉడుకుతుంటే
వెలుగు పట్టుకు నిలబడింది.

గుత్తి కర్ర పోయిన చలికాలమే విరిగింది.
ఖాళీ రమ్ము సీసా అడుగుతో మెదుపుతున్నాను.
పార్స్‌నిప్ ముందే లొంగిపోయింది.
బంగాళాదుంప ఎటు నొక్కితే అటు.
టర్నిప్‌ది మాత్రం చివరిదాకా మొండిపట్టు,
ఆ మొండితనం కాస్త ఉండనివ్వాలి,
అక్కడక్కడ పంటికి తగలాలి,
లేకపోతే కాగితాలంటించే బంకే.
వెన్న ఎంతో అత్త చెప్పేది:
మనస్సాక్షి చాలన్నంత,
దాని మీద ఇంకో ముక్క.

ఉప్పు డబ్బా అందుకున్నానో లేదో
ఆలిష్ నా మణికట్టు పట్టుకుంది.
"మరి వాళ్ళకి?"

వాళ్ళని పేరెత్తి పిలవకూడదు.
ఈ దీవిలో వాళ్ళు అంటే వాళ్ళే.
రాత్రి మనం పడుకున్నాక వస్తారు,
ఉప్పు గిట్టదు,
ఉప్పుకి ముందే వాళ్ళ వాటా తీసెయ్యాలి.
మన ఉప్పు తినరు గనక
మనకేమీ బాకీ పడరు.
వచ్చినా రాకపోయినా నిష్ఠూరం లేదు.
నీలం సాసర్లో రెండు చెంచాలు
గాలి తిరగని మూల, వెనక గుమ్మం దగ్గర పెట్టి,
పక్కన మంచినీళ్ళు పెట్టొచ్చాం.

తర్వాత ఉప్పు.
తర్వాత మిరియాలు.
ముళ్ళేరిన చేప.

కాత్రీనీ పనిచేసే ఓడ మధ్యాహ్నం నుంచీ
ఆవలి గట్టున, హేషంలో, తాళ్ళకి కట్టేసి ఉంది.
కదల్లేని ఓడలో కదల్లేని జనానికి
టీలు కాచి పోస్తూ ఉంటుంది.
ఫోన్ చచ్చేముందు వచ్చింది ఒక్క మాట:
"తిన్నారా?"

నేను చెప్పలేదు.
ఆలిషే ఇంకో గిన్నె తీసింది.
రెండు గరిటెలు వేసి, గరిటె వెనకతో సర్ది,
మధ్యలో గుంట చేసి వెన్న పెట్టింది.
"దీంట్లో ఉప్పు పడిందిగా?"
పడిందన్నాను.
"నిజంగా?"
అన్నాను.
అయినా డబ్బా లాక్కుని
తన పిడికిట్లో పట్టినంత చల్లింది,
మీద పళ్ళెం బోర్లించింది.

మేమిద్దరం కుండలోంచే తిన్నాం,
ఒక వంగిన చెంచాతో నేను, ఇంకో వంగిన చెంచాతో తను.
దీపం లోపలి వైపు మాడి
అదే వాసన రెండోసారి వస్తోంది.

ఆ గిన్నెలో ఉప్పు కచ్చితంగా ఎక్కువే.
పొద్దున్న వచ్చి
తనే అంటుందిలే.